చెరువు కోసం వినతిపత్రం ఇస్తున్నారా? భాస్వరం లెక్క అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో మీ కాలనీ పక్కనున్న 20 ఎకరాల చెరువు ఏడాదిలో సగం రోజులు గుర్రపుడెక్కతో మూసుకుపోయి ఉంటోంది, మిగతా రోజులు నీళ్లు చిక్కటి పచ్చరంగులో కంపు కొడుతున్నాయి, మొన్న తొలకరికి చేపలు చచ్చి తేలాయి. కాలనీ సంఘం తరఫున ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నారు, అందులో ఏం రాయాలి, ఎవరికి ఇవ్వాలి అని.

మీ డ్రాఫ్టు చదివాను. గుర్రపుడెక్క తీయించాలి, ఫౌంటెన్లు పెట్టించాలి, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేయించాలి, దోమల మందు కొట్టించాలి, బయోరెమిడియేషన్ (బ్యాక్టీరియాతో నీటిని శుభ్రం చేయడం) చేయించాలి అని రాశారు. నేను ఉద్యోగమంతా మురుగునీటి శుద్ధి, నీటి పరీక్షల పనిలోనే గడిపినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా, ఈ అయిదూ అధికారులు సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకుని, టెండర్ పిలిచి, ప్రారంభోత్సవం చేసి, బిల్లులు పాస్ చేసుకున్నాక వచ్చే ఏడాది మీ చెరువు మళ్లీ ఇలాగే ఉంటుంది. ఎందుకంటే వీటిలో ఏ ఒక్కటీ చెరువులోకి వస్తున్నదాన్ని ఆపదు.

వస్తున్నది ఏమిటంటే భాస్వరం, దాంతోపాటు నత్రజని. పొలానికి చల్లే డీఏపీలో ఉండేవి కూడా ఈ రెండే. నత్రజని సంగతి కాసేపు పక్కన పెట్టండి, ఎందుకు పెట్టమన్నానో తర్వాత చెప్తాను. ముందు ఒక చిన్న లెక్క చూడండి, కావాలంటే మీరే కాగితం మీద వేసుకోండి. మనిషి రోజుకు ఒంట్లోంచి వదిలే భాస్వరం సుమారు ఒక గ్రాము, సబ్బుపొడులది కలిపితే ఇంకాస్త ఎక్కువ. మీ చెరువులో కలిసే నాలా మీద పదివేల మంది ఉన్నారనుకుందాం, ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు చూస్తే అది చాలా తక్కువ అంచనా. అంటే రోజుకు 10 కిలోల భాస్వరం. 20 ఎకరాల చెరువు, సగటున 2 మీటర్ల లోతు అనుకుంటే అందులో పట్టేవి సుమారు 16 కోట్ల లీటర్లు. 10 కిలోలు అందులో కలిపితే లీటరుకు 0.06 మిల్లీగ్రాములు. చెరువు నీటిలో మొత్తం భాస్వరం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటితేనే పచ్చబడటం మొదలవుతుందని ఈ రంగంలో అందరూ వాడే కొండగుర్తు. అంటే శుభ్రమైన నీటితో నిండిన చెరువుని పచ్చబరచడానికి ఒక్కరోజు మురుగు చాలు. మీ చెరువులోకి అది ఏళ్ల తరబడి, పండగలూ సెలవులూ లేకుండా వస్తోంది.

ఒక కిలో భాస్వరం 500 కిలోల దాకా పచ్చి నాచుని పెంచగలదు. ఇప్పుడు గుర్రపుడెక్క మిషన్లు ఎన్ని దింపితే సరిపోతాయో మీరే ఆలోచించండి.

ఇక నత్రజనిని ఎందుకు పక్కన పెట్టమన్నానంటే, చెరువుని పాడుచేసే నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని గాలిలోని నత్రజనిని సొంతంగా లాక్కోగలవు. భాస్వరం విషయంలో ఆ తెలివితేటలు ఏ మొక్కకీ లేవు, నీటిలో ఉంటేనే దొరుకుతుంది. కెనడాలో 1973లో ఒక సరస్సుని మధ్యలో పెద్ద ప్లాస్టిక్ తెరతో రెండు భాగాలు చేసి, ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే కలిపారు, రెండోవైపు ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడినవైపు మాత్రమే పచ్చబడింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో నీటి కాలుష్యం చదువుకున్నవాళ్లంతా చూసే ఉంటారు, 226వ నెంబరు సరస్సు అంటారు దాన్ని. నత్రజని అక్కర్లేదని కాదు, అమ్మోనియా రూపంలో అది చేపలకు విషమే. కానీ ఒక్క అంకె పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీయాలంటే భాస్వరం అంకె పట్టుకోండి.

బయోరెమిడియేషన్ గురించి రెండు మాటలు. ఎంజైములు, బ్యాక్టీరియా డబ్బాల్లో తెచ్చి పోస్తారు. కుళ్లిన పదార్థాన్ని అవి కొంత తింటాయి, కంపు కొన్నాళ్లు తగ్గుతుంది, కాదనను. కానీ భాస్వరం ఒక మూలకం. దాన్ని ఏ బ్యాక్టీరియా మాయం చేయలేదు. నత్రజని అయితే గాలిలోకి పోవడానికి ఒక దారి ఉంది, భాస్వరానికి అదీ లేదు. నీటిలో ఉంటుంది, లేదా నాచులో, చేపలో, అడుగు బురదలో ఉంటుంది. చెరువులోంచి బయటకు మోసుకుపోతేనే పోయినట్టు. ఫౌంటెన్లూ అంతే, గాలి కలుపుతాయి కాబట్టి ఆపదలో ఉన్న చేపలకు మంచిదే, భాస్వరాన్ని మాత్రం ముట్టుకోవు.

గుర్రపుడెక్క తీయడం వల్ల నిజానికి కొంత భాస్వరం బయటకు పోవాలి, ఎందుకంటే ఆ మొక్క ఒంటినిండా అదే. కానీ మన దగ్గర ఏం చేస్తారు? మిషన్‌తో లాగి కట్ట మీదే కుప్ప పోస్తారు, లారీల బిల్లు మిగులుతుందని. అది వారం రోజుల్లో కుళ్లి, వాన పడగానే ఆ రసమంతా మళ్లీ చెరువులోకే దిగుతుంది. మందు కొట్టి చంపడం ఇంకా ఘోరం, చచ్చిన మొక్క మునిగి అడుగున కుళ్లి ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా తాగేస్తుంది. కాబట్టి డెక్క తీయమని అడిగేటప్పుడు తీసినదాన్ని అదేరోజు చెరువు హద్దు బయటకు తరలించాలని, ఎన్ని టన్నులు ఎక్కడికి తోలారో తూకం చీటీలతో సహా చూపాలని రాయండి. ఆ ఒక్క వాక్యంతో కాంట్రాక్టర్ రేటు మారిపోతుంది, చూస్తుండండి.

ఇప్పుడు మీ చేపల సంగతి. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వాళ్లు వచ్చి పరీక్ష చేసి "ఆక్సిజన్ బాగానే ఉంది" అన్నారని రాశారు. ఎన్నింటికి వచ్చారు? పదకొండు గంటలకో, మధ్యాహ్నం భోజనాలయ్యాకో వచ్చి ఉంటారు. పచ్చబడిన చెరువులో పగటి ఆక్సిజన్ చూసి మోసపోకూడదు. ఎండ ఉన్నంతసేపు నాచు ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి మీటర్ ముంచితే 12, 14 మిల్లీగ్రాములు చూపించడం మామూలే, చూసినవాడు ఈ నీళ్లు కొండవాగు నీళ్లనుకుంటాడు. చీకటి పడ్డాక ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అడుగు బురద కూడా పీల్చుకుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి అక్కడే ముంచితే ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆ వేళ కట్ట మీద నిలబడితే మీకే కనిపిస్తుంది, చేపలు పైపొరకి వచ్చి నోళ్లు బయటపెట్టి గుక్కలు మింగుతుంటాయి. మబ్బు పట్టిన రోజు మర్నాడు, లేదా తొలకరి వాన నాలాలోని బురదంతా ఒక్కసారిగా చెరువులోకి తోసిన మర్నాడు, అవి తేలుతాయి.

చచ్చిన చేపలేమిటో కూడా చూసి రాసుకోండి, ఫొటో తీయండి. బొచ్చె, రవ్వ చచ్చి కొర్రమట్టలు బతికి ఉంటే అది దాదాపు ఆక్సిజన్ సమస్యే, కొర్రమట్ట గాలి పీల్చుకోగలదు కాబట్టి నిలబడుతుంది. కొర్రమట్టలు కూడా చచ్చాయంటే ఎవరో రసాయనం వదిలారని అనుమానించాలి, అప్పుడు కథ వేరే. చెరువు మీద ఆధారపడ్డ మత్స్యకార సంఘంవాళ్లకి ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. వాళ్లని కలుపుకోకుండా కేవలం అపార్ట్‌మెంట్ల వాళ్లే వెళ్తే "వీళ్లకి వాకింగ్ ట్రాక్ కావాలి" అన్నట్టుగానే ఉంటుంది. ముదిరాజ్‌లు, గంగపుత్రులు నష్టం లెక్కతో పక్కన కూర్చుంటే ఆ కాగితం బరువే వేరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ప్రభుత్వం చేయాల్సినది ఏమిటని. ఇక్కడ ఒక పెద్ద లొసుగు ఉంది, చాలామంది ఉద్యమకారులకు కూడా తెలియదు. మన దేశంలో నీటి వనరుని ఏ, బీ, సీ, డీ, ఈ అని తరగతులుగా విడగొట్టే కేంద్ర పీసీబీ ప్రమాణాల్లో ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని కుళ్లే పదార్థం ఎంత ఆక్సిజన్ తినేస్తుందో చెప్పే కొలత), కోలిఫాం బ్యాక్టీరియా, పీహెచ్, అమ్మోనియా లాంటివి ఉన్నాయి, భాస్వరం లేదు. కొలవమని ఎవరూ అడగనిదాన్ని ఎవరూ కొలవరు. అలాగే ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) నుంచి బయటకు వదిలే నీటికి కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ చూడండి. మెట్రో నగరాల్లో బీఓడీ 20, మిగతాచోట్ల 30 ఉంటే చాలు. 2015లో విడుదల చేసిన ముసాయిదాలో బీఓడీ 10, నత్రజనికి కూడా హద్దు ఉండేది. తుది కాపీ వచ్చేసరికి బీఓడీ సడలిపోయింది, నత్రజని ఎగిరిపోయింది, భాస్వరం అసలు చేరనే లేదు.

దీనర్థం ఏమిటంటే, మీ చెరువు పైన రేపు ఒక ఎస్టీపీ కట్టారనుకోండి, అది నిబంధనల ప్రకారం చక్కగా నడుస్తోందనుకోండి, అందులోంచి వచ్చే నీళ్లు తేటగా, వాసన లేకుండా ఉంటాయి, గాజు గ్లాసులో పోస్తే మంత్రిగారు కూడా మురిసిపోతారు. కానీ మామూలు ఎస్టీపీ మురుగులోని భాస్వరంలో పావువంతో, ఇంకాస్తో తీస్తుందంతే. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములు అందులోనే ఉండిపోతాయి. పైన చెప్పిన 0.03తో పోల్చండి, నూరు రెట్లకు పైమాటే. ల్యాబ్‌లో భాస్వరం పరీక్షకి మాలిబ్డేట్ కలిపితే నీలిరంగు వస్తుంది, ఎంత భాస్వరం ఉంటే అంత ముదురు. తేటగా ఉన్న ఎస్టీపీ నీళ్లని పలచన చేయకుండా ఈ పరీక్షకి పెడితే సిరా పోసినట్టు నల్లనీలం వచ్చి మిషన్ చదవలేక చేతులెత్తేస్తుంది, చాలాసార్లు పలచన చేస్తే గానీ అంకె రాదు. కంటికి కనిపించే తేటదనానికీ చెరువు ఆరోగ్యానికీ ఇంత దూరం.

దీనికి అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు మంచి ఉదాహరణ. సియాటెల్ పక్కన, మన సాఫ్ట్‌వేర్ పిల్లలు బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్‌లలో ఒడ్డున సాయంత్రాలు తిరిగే సరస్సు. 1950ల్లో అది పచ్చబడింది, అందులోకి వచ్చేది శుద్ధి చేసిన మురుగే అయినా సరే. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్త 1955లో నాచు జాతిని గుర్తించి ఇదిగో ఇలా పాడవబోతోందని చెప్పాడు, 1958లో జనం ఓట్లేసి చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ కలిపి ఒకే మురుగు సంస్థను పెట్టుకున్నారు, 1963 నుంచి 1968 దాకా మురుగునంతా సరస్సుకి దూరంగా మళ్లించారు. 1970లు వచ్చేసరికి నీళ్లు తేటపడ్డాయి. ఈరీ సరస్సుది ఇంకో కథ. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని పెద్ద ఎస్టీపీలకు భాస్వరం 1 మిల్లీగ్రాము హద్దు పెట్టాయి, సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్ తగ్గించారు, సరస్సు కోలుకుంది. కానీ తర్వాత పొలాల నుంచి వచ్చే ఎరువుల్ని పట్టించుకోకపోవడంతో మళ్లీ పచ్చబడి, 2014 ఆగస్టులో టొలెడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా మూడు రోజుల పాటు నల్లా నీళ్లు తాగొద్దని హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. నాచు విషం కాచినా పోదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది. రెండు చోట్లా బాగుపడినప్పుడు బాగుపడింది ప్రభుత్వం అంకె పెట్టి, పైపు మార్చినందువల్లే.

మన హుస్సేన్‌సాగర్‌లోనూ ఇదే చూడొచ్చు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో కట్టిన చెరువు అది. నగరం పెరిగాక కూకట్‌పల్లి నాలా తెచ్చిపోసిన మురుగే దాని జబ్బు. 2006లో జపాన్ రుణంతో ప్రాజెక్టు మొదలుపెట్టి, నాలాల్ని అడ్డగించి మురుగుని అంబర్‌పేట ఎస్టీపీ వైపు మళ్లించే ఏర్పాట్లు, ఒడ్డున ఎస్టీపీలు, పూడికతీత అన్నీ చేశారు. మళ్లింపు నడిచినంతవరకు తేడా కనిపిస్తుంది. గట్టి వాన పడగానే మళ్లింపు సామర్థ్యం దాటి నాలా పొంగి సాగర్‌లోకే వస్తుంది. పాత బురదలో దాచుకున్న భాస్వరం కూడా ఉంది. అడుగున ఆక్సిజన్ లేనప్పుడు బురదలో ఇనుముతో అతుక్కున్న భాస్వరం విడిపోయి పైకి వస్తుంది, అందుకే పైపు ఆపిన మర్నాడే చెరువు తేటపడదు. వాషింగ్టన్ సరస్సు లోతు ఎక్కువ కాబట్టి తొందరగా కోలుకుంది, మన చెరువులు లోతు తక్కువ, ఏళ్లు పడతాయి. ఇది మీ సంఘం సభ్యులకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే రెండో ఏడాదే నిరాశపడి ఫౌంటెన్ల కోసం మళ్లీ బయల్దేరతారు. (అన్నట్టు వినాయక నిమజ్జనం మీద ఏటా జరిగే గొడవ గురించి కూడా అడిగారు. రంగులు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ సమస్యే, కాదనను, కానీ పచ్చదనానికి అది కారణం కాదు. పది రోజుల పండగ మీద అరిచినంత గట్టిగా 365 రోజుల నాలా మీద ఎవరూ అరవరు.)

చట్టం దగ్గరికి వద్దాం. మీ డ్రాఫ్టులో చిత్తడి నేలల నిబంధనలు 2017 అని రాశారు. తీసేయండి. ఆ నిబంధనల నిర్వచనంలోనే తాగునీటి కోసం, సాగు కోసం మనుషులు కట్టిన చెరువులు రావని ఉంది, హైదరాబాద్ చుట్టూ ఉన్నవి దాదాపు అన్నీ ఒకప్పుడు సాగు కోసం కట్టినవే. ఆ ఒక్క వాక్యం చూపించి మీ కాగితం తిప్పి పంపుతారు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం పట్టుకోండి. దాని 24వ సెక్షన్ కాలుష్య పదార్థాన్ని నీటి వనరులోకి వదలకూడదంటుంది, 2(జె)లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం సహజమైనదైనా మనిషి కట్టినదైనా లోతట్టు జలాలన్నీ అందులోకి వస్తాయి. 33ఏ సెక్షన్ కింద ఆదేశాలిచ్చే అధికారం పీసీబీకి ఉంది, మునిసిపాలిటీకైనా జలమండలికైనా ఇవ్వొచ్చు. వాళ్లు "మేం పరిశ్రమల్నే చూస్తాం" అంటే నమ్మకండి.

రెండోది, 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వు. 2017 నోటిఫికేషన్ సడలింపుల్ని తప్పుబట్టి నిపుణుల కమిటీ చెప్పిన కఠిన ప్రమాణాల్ని అమలు చేయమంది. అందులో బీఓడీ 10, మొత్తం నత్రజని 10, చెరువుల్లోకీ సరస్సుల్లోకీ వదిలే నీటికి మొత్తం భాస్వరం 1 మిల్లీగ్రాము అని ఉంది. మీ వినతిపత్రానికి వెన్నెముక అదే. ఆ ఉత్తర్వు ఈరోజు ఏ స్థితిలో ఉందో ఒక లాయర్ చేత చూపించుకుని ఉదహరించండి.

నేనైతే వినతిపత్రం నడిభాగాన్ని ఇలా రాస్తాను, మీకు నచ్చితే వాడుకోండి:

"మా చెరువులోకి ఏయే నాలా, ఏయే పైపు ద్వారా రోజుకు ఎంత మురుగు చేరుతోందో కొలిచి 60 రోజుల్లో బహిరంగపరచాలి. వానలు లేని కాలంలో వచ్చే ప్రవాహం మొత్తాన్ని చెరువు బయటే అడ్డగించి ట్రంక్ లైన్‌లోకి (ప్రధాన మురుగు పైపులోకి) మళ్లించే పనికి ముగింపు తేదీతో సహా షెడ్యూల్ ఇవ్వాలి. శుద్ధి చేసిన నీటిని చెరువులోకి వదిలే ప్రతి ఎస్టీపీకి మొత్తం భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదన్న షరతును పీసీబీ అనుమతి పత్రంలో చేర్చాలి. ఇన్‌లెట్ దగ్గర, చెరువు మధ్యలో నెలకోసారి మొత్తం భాస్వరం, క్లోరోఫిల్ (నాచు ఎంతుందో చెప్పే పచ్చరంగు పదార్థం), సూర్యోదయానికి ముందు కరిగిన ఆక్సిజన్ కొలిచి ఫలితాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి."

అంతే. వాకింగ్ ట్రాక్ ప్రస్తావన ఎక్కడా వద్దు. అది కలిపితే ఆ ఒక్కటే చేసి "వినతి పరిష్కరించబడింది" అని ఫైలు మూసేస్తారు, ప్రజావాణిలో ఇలా మూసిన ఫైళ్లు నేను చాలా చూశాను.

1 మిల్లీగ్రాము సాధ్యమేనా అని అడుగుతారు. సాధ్యమే. తాగునీటి ప్లాంట్లలో వాడే పటికే ఎస్టీపీలోనూ వేస్తే భాస్వరం అడుగుకి దిగి బురదలోకి పోతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ కూడా పనిచేస్తుంది. బురద పెరుగుతుంది, ఖర్చు కొంత పెరుగుతుంది, ఆ బురదని మళ్లీ నాలాలో పడేయకుండా చూడాలి, ఇవన్నీ తెలిసిన పనులే. 1 మిల్లీగ్రాము కూడా చెరువుకి ఎక్కువే కాబట్టి ఆ నీళ్లు నేరుగా కాకుండా రెల్లు, తుంగ పెంచిన ఒక చిత్తడి మడుగు గుండా పోనివ్వడం మంచిది. బెంగళూరు జక్కూరు చెరువు దగ్గర ఎస్టీపీ నీళ్లు ఇలా మడుగు దాటి చెరువులోకి వచ్చే ఏర్పాటు ఉంది, మీ సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు ఒకసారి వెళ్లి చూసి రండి.

ఎవరికివ్వాలన్నది చిక్కు ప్రశ్న. నీళ్లు ఇరిగేషన్‌వి, మురుగు జలమండలిది, నాలా కార్పొరేషన్‌ది, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే) హద్దు హెచ్‌ఎండీఏది (మహానగర అభివృద్ధి సంస్థది), కబ్జా అయితే 2024 జులై నుంచి హైడ్రాది, కాలుష్యం పీసీబీది, చేపలు మత్స్యశాఖవి. ఒక్కొక్కరి దగ్గరికి విడివిడిగా వెళ్తే కాళ్లరిగేలా తిప్పుతారు. కలెక్టర్‌కి ఒకే కాగితం ఇచ్చి మిగతా అందరికీ కాపీ పంపండి, అందులో సంయుక్త తనిఖీ కోరండి, తనిఖీ తెల్లవారుజామున జరగాలని కోరండి. మీ ఎమ్మెల్యేకి కూడా ఇవ్వండి, కానీ ఆయన దగ్గర ఫొటో దిగి ఆగిపోకండి.

దీనికి ముందు మీరు ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ల డ్రైనేజీ ఎక్కడికి పోతోంది? ఎస్టీపీ ఉందంటారు. నడుస్తోందా? ఎస్టీపీ నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు కూడా చూడక్కర్లేదు, దాని కరెంట్ మీటర్ రీడింగ్ చూడండి. మురుగులోకి గాలి ఊదే బ్లోయర్లు రోజంతా తిరిగితే యూనిట్లు దండిగా కాలతాయి. మెయింటెనెన్స్ తగ్గించుకోవడానికి బ్లోయర్లు ఆపేసి రాత్రిళ్లు నాలాలోకి వదిలే గేటెడ్ కమ్యూనిటీలు నగరం నిండా ఉన్నాయి. అధికారి మొదట మీ గేటు దగ్గరికే వస్తాడు, అప్పుడు తల దించుకోకుండా ఉండాలంటే ముందు ఆ మీటర్ సరిచూసుకోండి.

తర్వాత ఆర్టీఐ. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. జలమండలిని, పీసీబీని విడివిడిగా అడగండి: చెరువులోకి తెరుచుకునే అవుట్‌ఫాల్స్ జాబితా, క్యాచ్‌మెంట్‌లోని (చెరువులోకి నీళ్లు చేరే ప్రాంతంలోని) ఎస్టీపీలకు ఇచ్చిన అనుమతి పత్రాల కాపీలు, గత 12 నెలల అవుట్‌లెట్ నీటి పరీక్షల నివేదికలు, భాస్వరం కొలిచి ఉంటే ఆ అంకెలు, కొలవకపోతే ఎందుకు కొలవలేదో చెప్పే ఫైలు నోట్. ఆ చివరి ముక్క తప్పకుండా రాయండి. "కొలవడం లేదు" అని రాతపూర్వకంగా వచ్చిన జవాబు ట్రైబ్యునల్‌లో మీ చేతిలో ఉండే మంచి కాగితం.

ట్రైబ్యునల్ దాకా వెళ్లాలా అంటే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. సెక్షన్ 14 కింద వివాదం మొదలైన ఆరు నెలల్లోపు వేయాలి, అందుకే చేపలు చచ్చిన తేదీ, ఫొటోలు, ఫిర్యాదు రసీదు జాగ్రత్తగా పెట్టుకోమంటున్నా. నురగలతో, మంటలతో వార్తల్లోకెక్కిన బెంగళూరు బెళ్లందూరు విషయంలో 2018 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వాన్ని 500 కోట్లు ప్రత్యేక ఖాతాలో వేయమని ఆదేశించింది ఈ ట్రైబ్యునలే. సుందరీకరణకు నిధుల్లేవని ఏ ప్రభుత్వమూ అనదు, మురుగు పైపులకే లేవంటుంది, అందుకే ఒక్కోసారి ఇలా పిండాల్సి వస్తుంది.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. మీ మురుగు మళ్లిస్తే మే నెలలో మీ చెరువు ఎండిపోవచ్చు. ఇప్పుడు ఏడాది పొడవునా నిండుగా కనిపిస్తోందంటే అది మురుగు పుణ్యమే, పూర్వం ఈ చెరువులు వానాకాలం నిండి వేసవికి అడుగంటేవే. ఎండితే తప్పులేదు, అప్పుడే పూడిక తీయడం చవక. మిషన్ కాకతీయలో తీసిన మట్టి పొలాలకు తోలారు గానీ, నగర చెరువు బురదలో భారలోహాలు ఉండొచ్చు, పరీక్ష చేయించాకే ఎక్కడికైనా తోలాలి. అలాగే మళ్లించిన మురుగు ఎక్కడికో చోటికి పోవాలి, అక్కడ శుద్ధి సామర్థ్యం లేకపోతే మీ జబ్బు మూసీకి, అక్కడి నుంచి నల్లగొండ రైతు పొలానికి చేరుతుంది. అందుకే మళ్లింపుతోపాటు మళ్లించిన చోట ఎస్టీపీలో ఖాళీ ఉందా అని కూడా అడగండి.

కొల్లేరు సరస్సుకి కూడా ఇవే చేయాలా అని మరొకరు అడిగారు. అక్కడ పట్టణాల మురుగుతో పాటు చేపల చెరువుల మేత, ఎరువు కూడా కలుస్తాయి, నీళ్లు వచ్చే డ్రెయిన్లూ అనేకం. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల) గుర్తింపు ఉన్న సరస్సు కాబట్టి చట్టం కూడా వేరే దారిలో నడుస్తుంది. ఇక్కడ ముగించలేను, విడిగా రాయాలి.

మీకు రాబోయే మొదటి జవాబు నేనిప్పుడే చెప్పగలను: "ఎస్టీపీ మంజూరైంది, త్వరలో పనులు మొదలవుతాయి." 2021లో నగరానికి 31 ఎస్టీపీలు, 3,866 కోట్లు అని ప్రకటించినప్పటి నుంచి ఇది బాగా చెల్లుబాటయ్యే జవాబు, వాటిలో కట్టినవీ ఉన్నాయి కాబట్టి అబద్ధమని కూడా అనలేం. మీరు తిరిగి రాయాల్సింది నాలుగు ప్రశ్నలు: మా క్యాచ్‌మెంట్ ఏ ఎస్టీపీ కిందికి వస్తుంది, ఇంటి లైన్ల నుంచి ఆ ఎస్టీపీ దాకా ట్రంక్ లైన్ పడిందా, అవుట్‌లెట్ నీళ్లు ఎక్కడ వదులుతారు, ఆ నీళ్లలో భాస్వరానికి డిజైన్ అంకె ఎంత. నాలుగోదానికి జవాబు ఖాళీగా వస్తే ఆ ఎస్టీపీ కట్టకముందే డిజైన్ మార్చమని అడగండి, కట్టాక పటిక ట్యాంకుకి జాగా లేదంటారు.